బొగ్గు గీతల గుడ్లు

భర్తకు చూపు తగ్గిందన్న అనుమానం బాతులక్కకు మొదట కలిగించింది కోళ్ళే.

అవి వేసవి సెలవులు. బడి వ్యాను నడిపే ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కనుక, పొద్దున్నే పెరట్లో గుడ్లు ఏరే పని తన మీద వేసుకున్నాడు. మొదటి రోజే బుట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, "ఇన్నేళ్ళుగా నడుము నొప్పి, నడుము నొప్పి అంటున్నది ఈ పనికేనా?" అన్నాడు.

బుట్టలో ఉన్నవన్నీ తెల్లగా మెరిసే బాతు గుడ్లు. కోడి గుడ్డు ఒక్కటీ లేదు.

"కోళ్ళు సమ్మె చేస్తున్నాయా?" అంది ఆమె.

"నాతో అయితే ఏమీ చెప్పలేదు."

ఆమె వెళ్ళి చూసింది. గూట్లో ఎప్పుడూ పెట్టే చోటే, ఎండుగడ్డిలో గడ్డి రంగు గుడ్లు ఉన్నాయి. ఒకటి మాత్రం చెప్పు కింద నలిగి, పచ్చసొన గడ్డికి అంటుకుని ఉంది. ఆ నలిగిన గడ్డిని తీసి పారేసి, మిగిలిన గుడ్లు కొంగులో వేసుకుని వచ్చింది. ఆయనతో ఏమీ అనలేదు. మర్నాడూ అంతే జరిగింది. ఆ తర్వాత ఆయన లేవకముందే తాను లేచి, కోడి గుడ్లు ముందే తీసేసి, బాతు గుడ్లు మాత్రం ఆయనకు వదలడం మొదలుపెట్టింది.

అలా చేసి ఎవరిని కాపాడుతున్నట్టో ఆమె ఆలోచించుకోలేదు. సోమవారం బడి తెరుస్తారు. అది మాత్రం ఆమెకు రోజూ గుర్తుకొస్తోంది. ఆ వ్యానులో వీధి పిల్లలంతా ఎక్కుతారు. పక్కింటి టైలరు కూతురు అందరికన్నా ముందు ఎక్కి, ఆయన పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు ఎవరికీ ఇవ్వదు.

బాతులక్క అన్న పేరు ఆమెకు ఈ పెరడు ఇచ్చిందే. అంతకుముందు చాలా ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసింది. ఆవిరితో నిండిన గది, పొడుగాటి బల్లలు, తరగని తెల్లటి గుడ్డ. ఆ వేడికి అరచేతులు నెమ్మదిగా మొద్దుబారాయి. ఒకరోజు ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. అరచేతిలో పెద్ద బొబ్బ. అది ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"రేపట్నుంచి వెళ్ళొద్దు" అన్నాడాయన.

"ఏం, నొప్పి లేదుగా."

"నొప్పి లేదు కాబట్టే వెళ్ళొద్దంటున్నాను."

ఆమె నెల రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఎవరో ఊరు మారిపోతూ వదిలేసిన రెండు పెట్టల్ని తెచ్చుకుంది. వాటికి పుంజు వచ్చింది, పిల్లలు వచ్చాయి. ఒక వానాకాలం పెరట్లో నీళ్ళు నిలబడితే ఆ బురద చూసి, ఇక్కడ బాతులైతే బాగుంటాయి కదా అనుకుంది. కోళ్ళు ఆమెకు పని, బాతులు సరదా. కోడి గుడ్లు వీధిలో ఇళ్ళకు వెళ్ళేవి. బాతు గుడ్లు మాత్రం వీధి చివరి బేకరీకి. అక్కడి యజమాని చిన్నప్పటి నుంచీ గుండ్రంగా ఉండి బన్ను అని పిలిపించుకుంటున్నవాడు. బాతు గుడ్డు వేస్తే కేకు ఎత్తుగా పొంగుతుందనీ, లోపల రంగు వేయకుండానే పసుపు తిరుగుతుందనీ అతని నమ్మకం. తీసుకెళ్ళేటప్పుడు చిట్లిన గుడ్లు ఇంటికి, పెంకులు ఎండబెట్టి నూరి మళ్ళీ కోళ్ళ మేతలోకి. ఆ ఇంట్లో గుడ్డుకు సంబంధించి పారేసేది ఏమీ ఉండేది కాదు.

ఆ వేసవిలో వీధి కుక్క ఒకటి గోడ దూకి మగ బాతును పట్టుకుపోయింది. మిగిలినవన్నీ ఆడవి. అది బతికుండగా అవి పెట్టిన ఆఖరి గుడ్లను ఆమె విడిగా తీసి, పొదుగు మీదికొచ్చిన నల్ల పెట్ట కింద పెట్టింది. బాతులకు ఆ పని అప్పగించడం దండగ. ఆమె దగ్గరున్న బాతులు ఎక్కడ నడుస్తుంటే అక్కడ గుడ్డు జారవిడిచి, అది తమది కానట్టు వెళ్ళిపోయే రకం. నల్ల పెట్ట అలా కాదు. కూర్చుందంటే ముక్కు తెరిచి బుస కొట్టేది. ఆమె చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యి దగ్గరకొచ్చినా రక్తం కళ్ళజూసేది.

బట్టలుతికే చోట వేసిన రేకుల కింద, మూలన, గంపలో దాని కాపురం. మిగతా కోళ్ళూ బాతులూ ఆ గంపలో దూరి కొత్త గుడ్లు పెట్టి పోతుంటాయి కాబట్టి, పొదిగే గుడ్ల మీద ఆమె బొగ్గుతో గుర్తు పెట్టింది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత, గుడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా. తెల్లటి పెంకు మీద ఆ నల్ల గీతలు పెరటి గుమ్మం దగ్గర్నుంచే కనిపించేవి. రోజుకొకసారి పెట్ట మేతకు లేచి దుమ్ములో పొర్లాడేటప్పుడు ఆమె గుడ్ల మీద వేళ్ళతో నీళ్ళు చిలకరించేది. తల్లి బాతయితే ఈది వచ్చి తడి ఈకలతో కూర్చుంటుంది, కోడికి ఆ అలవాటు లేదు కదా. నాలుగు వారాలు కావస్తోంది. ఇక నేడో రేపో పెంకులు చిట్లుతాయి.

శనివారం పొద్దున ఆమె తవుడు కొనడానికి వెళ్ళింది. కొట్టు దగ్గర జనం ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, పని ముగించినవాడిలా కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు.

"గుడ్లు బన్నుకి ఇచ్చొచ్చేశాను. శుభ్రంగా కడిగి మరీ ఇచ్చాను" అన్నాడు. "నువ్వు పొడిగుడ్డ పెట్టి ఒక్కొక్కదాన్నీ పసిపిల్లని తుడిచినట్టు తుడుస్తావు. బకెట్లో ముంచితే చిటికెలో అయిపోయింది."

ఆమె తవుడు సంచి దించకుండానే పెరట్లోకి చూసింది. నల్ల పెట్ట గంప చుట్టూ తిరుగుతూ గొంతు సాగదీసి అరుస్తోంది. గంపలో గడ్డి తప్ప ఏమీ లేదు.

"గంపలోవి కూడా తీశారా?"

"ఏ గంప?"

"మూలన ఉన్నది. పెట్ట పొదుగుతున్నది."

"పెట్ట లేదే అక్కడ. తెల్లగా కనిపించాయి, తీశాను."

"వాటి మీద గీతలున్నాయి కదా."

"ఏ గీతలు?"

ఆయన ముఖంలో ఇంకా నవ్వు ఉంది. ఆ మాట మామూలుగా, నిజంగా తెలియక అడిగినట్టే వచ్చింది. ఆమె నూతి గట్టు పక్కనున్న బకెట్ వైపు చూసింది. నీళ్ళు బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. అడుగున సన్నటి నల్లపొడి పేరుకుంది.

ఆమె చూపు ఎటు పోయిందో ఆయన కనిపెట్టాడు. కప్పు కింద పెట్టి, "ఓ, అవా. రెట్ట అనుకున్నానులే" అన్నాడు.

ఆమె సంచి దించింది. "పదండి. వాడు పగలగొట్టకముందే వెళ్దాం."

బేకరీ వెనక గదిలో పిండి కలిపే బల్ల దగ్గర బన్ను నిలబడి ఉన్నాడు. గుడ్లను ముందు చిన్న గిన్నెలోకి కొట్టి, వాసన చూసి, తర్వాతే పెద్ద గిన్నెలో వేయడం అతని పద్ధతి. అప్పటికే కొన్ని పెంకులు బల్ల మీద ఉన్నాయి. చేతిలో ఇంకో బాతు గుడ్డు. దాన్ని గిన్నె అంచుకు ఆనించాడు.

"ఆగు తమ్ముడూ" అంది ఆమె గుమ్మంలోంచే.

అతని చెయ్యి ఆగింది. "ఏమైందక్కా?"

"పొదిగే గుడ్లు వీటిలో కలిశాయి."

బన్ను చేతిలోని గుడ్డును కాసేపు చూసి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు అట్టపెట్టెలో పెట్టాడు. "అయితే ఇందాక కొట్టినవి నా అదృష్టం కొద్దీ మంచివన్నమాట. లేకపోతే సాయంత్రం పుట్టినరోజు కేకు కోస్తుంటే లోపల్నుంచి క్వాక్ మనేది." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అవునూ, నువ్వు బొగ్గు గీతలు పెడతావు కదక్కా. ఒకసారి నా ముందే పెట్టావు. ఎలా కలిశాయి?" అన్నాడు.

ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఈసారి పెట్టడం మర్చిపోయాను."

"నువ్వా?" అన్నాడు బన్ను. "బావగారూ, మా అక్కని కాస్త కనిపెట్టుకుని ఉండండి. వయసు మీద పడుతోంది."

"చెప్తే వింటేగా" అన్నాడాయన. ఆ మాట నవ్వుతూ అనబోయాడు కానీ సరిగా రాలేదు.

సరుకుల గదిలో కిటికీ లేదు. తలుపు వేసుకుని, పిండి బస్తాల మధ్య అట్టపెట్టె పెట్టుకుని కూర్చున్నారు. ఆమె సెల్‌ఫోన్ లైటు మీద ఒక గుడ్డు నిలబెట్టింది. గుడ్డంతా లోపల దీపం పెట్టినట్టు నారింజ రంగులో వెలిగింది. "ఇది తాజాది" అంది. ఇంకోటి పెట్టింది. పైన చిన్న టోపీ అంత మేర మాత్రం వెలుగు, కింద అంతా నలుపు. ఆ నలుపులో ఏదో ఒక్కసారి కదిలింది. "ఇది మనది."

తేడా చెప్పడానికి నేర్పేమీ అక్కర్లేదు. ఒకటి వెలుగుతుంది, ఒకటి వెలగదు. ఆమె రెండో ఫోను ఆయన చేతిలో పెట్టి, "ఆ పక్కవి మీరు చూడండి, తొందరగా అవుతుంది" అంది. తొందర కోసమే అడిగానని తనకు తాను చెప్పుకుంది.

ఆయన గుడ్డును లైటు మీద పెట్టాడు. మెడ వంచి, పక్కకు తిప్పి, మళ్ళీ పెట్టాడు. "ఇది తాజాది" అని బన్నుకు ఇవ్వాల్సిన వైపు పెట్టాడు. ఆమె తన చేతిలోనిది దించి, ఆ గుడ్డు తీసి లైటు మీద పెట్టి చూసింది. నల్లగా ఉంది. ఇటు పెట్టింది. ఆయన రెండోది చూశాడు. "ఇదీ తాజాదే" అన్నాడు, ఈసారి కొంచెం నెమ్మదిగా. ఆమె దాన్నీ తీసి చూసి ఇటు పెట్టింది.

మూడో గుడ్డు ఆయన తీయలేదు. ఫోను ఆపేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇక్కడ పిండి దుమ్ము. కళ్ళు మండుతున్నాయి" అన్నాడు.

"ఊఁ" అంది ఆమె.

మిగిలినవి తానే చూసింది. పొదిగే గుడ్లన్నీ వేరయ్యాక ఒక్కొక్కటీ తీసి, కళ్ళు మూసుకుని, కనురెప్పకు ఆనించుకుంది. ఇస్త్రీ పెట్టె పట్టిన అరచేతులకు అంత చిన్న వేడి అందదు. రెప్పకు అందుతుంది. లోపల ప్రాణం ఉంటే, పెట్ట లేచిపోయిన చాలాసేపటి దాకా గుడ్డు తన వేడి తాను పట్టుకుని ఉంటుంది. ఒక్క గుడ్డు మాత్రం చల్లగా తగిలింది. రెండో రెప్పకు ఆనించి చూసింది. చల్లగానే ఉంది. దాన్ని కూడా మిగతావాటితో కలిపి తువ్వాలులో చుట్టింది.

బయటికి వచ్చేసరికి ముందు గదిలో టైలరు భార్య రొట్టె కొంటోంది. చంకలో కూతురి పాత బడి సంచీ, దానికి కొత్త పట్టీ కుట్టినట్టున్నారు.

"మావయ్యగారూ, సోమవారం మామూలు టైముకేనా వ్యాను?"

"మామూలే అమ్మా."

"దానికి నిద్ర పట్టడం లేదు. తాత పక్కన నేనే కూర్చోవాలి, ఇంకెవరూ ఎక్కకముందే నన్ను పంపించు అని ఇప్పట్నుంచే నా ప్రాణం తీస్తోంది." బాతులక్క వైపు తిరిగి, "అత్తయ్యా, ఏంటి మూట? పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు" అంది.

"పిల్లలే" అంది బాతులక్క. ఇంకా ఏదో అనాలని నోరు తెరిచింది. రొట్టె పొట్లం, సంచీ, కొత్త పట్టీ చూసింది. "వస్తానమ్మా" అంది.

ఇంటి దారిలో మూట ఆయనే తీసుకున్నాడు. పొట్టకు ఆనించి రెండు చేతులా పట్టుకుని నడిచాడు. మలుపు దగ్గర కుడి వైపు సందులోంచి ఒక కుర్రాడు సైకిలు మీద చప్పుడు లేకుండా దూసుకొచ్చాడు. ఆయన నడుస్తూనే ఉన్నాడు. ఆమె ఆయన చొక్కా వెనక నుంచి పట్టి లాగింది. సైకిలు ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది.

"చూశానులే" అన్నాడాయన. తర్వాత, "స్కూటరు చేతికొస్తే చాలు, రోడ్డంతా వాళ్ళదే" అన్నాడు.

అది సైకిలని ఆమె చెప్పలేదు. చొక్కా మాత్రం ఇంటి దాకా వదల్లేదు.

గుడ్లు గంపలో పెట్టగానే నల్ల పెట్ట కాసేపు అనుమానంగా చుట్టూ తిరిగింది. ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తట్టింది. తర్వాత రెక్కలు విప్పి అన్నింటినీ కిందికి లాక్కుని కూర్చుంది. గీతలు ఉన్నా లేకపోయినా దానికి ఒకటే.

 ఆదివారం మధ్యాహ్నం ఆయన వ్యాను కడుగుతుంటే ఆమె పైపు పట్టుకుని పక్కన నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏది ఎన్నాళ్ళ నుంచి?"

 పైపులోంచి నీళ్ళు చక్రం మీద పడుతున్నాయి.

ఆయన గుడ్డను పిండి బానెట్ మీద పరిచాడు. "ఎడం కన్నే. వేడి టీ గ్లాసు లోపల్నుంచి చూసినట్టుంటుంది. కుడిది బాగానే ఉంది."

"కుడిదానితోనే చూశారు కదా నిన్న, సరుకుల గదిలో."

"ఆ చీకట్లో ఎవరికి కనిపిస్తుంది? నీ కోళ్ళ లెక్కలు తెచ్చి నా మీద పెట్టకు. ముప్పయ్యేళ్ళు బండి నడిపాను. ఒక్క కోడిని కూడా తొక్కలేదు."

"గుడ్డును తొక్కారు."

ఆయన ఆమె వైపు చూశాడు. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేకపోయాడు.

"ఈ రోడ్డు నాకు కంఠతా" అన్నాడు చివరికి. "ఎక్కడ గుంట, ఎక్కడ మలుపు, ఎక్కడ బ్రేకు వేయాలి. కళ్ళు మూసుకుని పోగలను."

"రోడ్డు కంఠతా వస్తుందండీ. రోడ్డు మీదికొచ్చే పిల్లాడు కంఠతా రాడు కదా."

ఆయన గుడ్డ తీసి గట్టిగా తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడిచాడు. "చూపించుకుంటాను. చూపించుకోనని అన్నానా? బడి మొదలయ్యే రోజే మానేస్తే ఏమనుకుంటారు? ఒక నెల పోనీ. ఇంకొకణ్ణి చూసుకునేదాకా."

"ఒక నెల."

"మానేసి ఏం చేయమంటావు? నీ కోళ్ళకు కాపలా కాయమంటావా? అదీ చేతకాదని నిన్ననే తేలిపోయింది కదా."

ఆమె పైపు కింద పెట్టి తన అరచేతులు రెండూ ఆయన ముఖానికి దగ్గరగా పట్టింది. "ఇవి పనికిరావని నాకు చెప్పిందెవరు? నొప్పి లేదు కాబట్టే వెళ్ళొద్దంది మీరు. నెల ఆగమని నేనడిగితే ఆగారా?"

"అది వేరు."

"ఏం వేరు? నేను మాడ్చేది దుప్పట్లు."

ఆయన గుడ్డ బకెట్లో విసిరి లోపలికి వెళ్ళిపోయాడు. వ్యాను ఒక పక్క మెరుస్తోంది. రెండో పక్క సబ్బు ఆరిపోయి తెల్లటి మచ్చలు పడింది. ఆ మచ్చలు ఆయన సాయంత్రం దాకా చూడలేదు. చీకటి పడకముందు ఆమే కడిగింది.

టైలరు ఇంటి గుమ్మం దాకా ఒకసారి వెళ్ళింది. లోపల మిషను చప్పుడు, పిల్ల పద్యం ఏదో తప్పుల తడకగా అప్పజెప్పడం వినిపించాయి. తలుపు తట్టడానికి చెయ్యెత్తింది. బయటివాళ్ళకు చెబితే వ్యాను ఆగుతుంది. తన నోటి నుంచి ఆ మాట బయటికి వెళ్తే ఆయన ఈ వీధిలో మళ్ళీ తలెత్తుకుని తిరగడు. తిరిగినా తన వైపు చూడడు. చెయ్యి దించి వచ్చేసింది. రాత్రి ఆయన అన్నం తిని పడుకున్నాక, గోడ మేకుకు వేలాడే వ్యాను తాళం చేతిలోకి తీసుకుంది.

సోమవారం తెల్లవారింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, మేకు దగ్గరికి వెళ్ళాడు. చేత్తో గోడ తడిమాడు. బల్ల మీద చూశాడు, నిన్నటి చొక్కా జేబులో చూశాడు, మంచం కింద చెయ్యి పెట్టి చూశాడు.

"తాళం ఏది?"

ఆమె పెరటి గుమ్మంలో కూర్చుని నూకలు చెరుగుతోంది. "ఎక్కడికీ పోలేదు. ఇంట్లోనే ఉంది."

"ఆటలాడకు. టైమవుతోంది."

గేటు దగ్గర టైలరు కూతురు అప్పటికే నిలబడి ఉంది. రెండు జడలు, కొత్త పట్టీ సంచీ. "తాతా, నేనే ఫస్టు" అంది. "మామ్మా, బాతు పిల్లలు వచ్చేశాయా?"

"ఇంకా లేదమ్మా. అక్కడే ఉండు."

ఆయన గొంతు తగ్గించాడు. "పిల్ల ముందు నన్ను చిన్నబుచ్చకు. తాళం ఇవ్వు."

"నేనివ్వను. కావాలంటే మీరు తీసుకోండి." ఆమె చేటతో గంప వైపు చూపించింది. "పెట్ట కింద ఉంది."

ఆయన నమ్మనట్టు చూశాడు. తర్వాత రేకుల కిందికి వెళ్ళి వంగాడు. నల్ల పెట్ట మెడ ఈకలు రిక్కించి బుస కొట్టింది. ఆయన చెయ్యి చాపాడు. మణికట్టు మీద ఒక పోటు పొడిచింది. చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టాడు. రెండోసారి పొడిచింది, మూడోసారీ పొడిచింది. ఆయన పళ్ళు బిగించి చేతిని లోపలికి దోపాడు.

బాతులక్క చేట పక్కన పెట్టి లేచింది. ఆయన తాళం తీస్తే ఏం చేయాలో ఆమె రాత్రంతా ఆలోచించినా తేలలేదు. వ్యాను ముందు నిలబడాలి, అంతకంటే వేరే దారి కనబడలేదు. గేటు దగ్గర పిల్ల ఒంటికాలి మీద గెంతుతోంది.

ఆయన చెయ్యి పెట్ట కింద ఆగిపోయింది.

వేడి. మోచేయి దాకా పాకుతున్న వేడి. వేళ్ళకు ముందు తాళం తగిలింది, అదీ వెచ్చగానే ఉంది. దాని పక్కన గుడ్డు. నునుపుగా ఉండాల్సిన చోట గరుకుగా, చిన్న నక్షత్రంలా చిట్లి ఉంది. ఆ చిట్లిన చోట వేలు పెట్టాడు. లోపల్నుంచి ఎవరో గోటితో తట్టినట్టు తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది. ఆయన చూడటానికి ప్రయత్నించలేదు. ముఖం పక్కకు తిప్పుకుని, రేకు గోడ వైపు చూస్తూ, వేలు అక్కడే ఉంచాడు. పెట్ట ఇంకో రెండు పోట్లు పొడిచి, ఇక ఈ చెయ్యి కదలదని తేల్చుకుందేమో, పొడవడం మానేసింది.

"చిట్లింది" అన్నాడు.

"ఎన్ని?"

"ఒకటి." కాసేపు తడిమాడు. "ఇంకోటి కూడా."

చెయ్యి బయటికి తీశాడు. మణికట్టు మీద రక్తపు చుక్కలు, గడ్డిపరక ఒకటి. చేతిలో తాళం లేదు. ఆమె చూసిందని ఆయనకు తెలుసు.  ఆయన నూతి గట్టు దగ్గర చెయ్యి కడుక్కుని, ఇస్త్రీ చొక్కా అంచుకే తుడుచుకున్నాడు. ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు.

గేటు దాకా నడిచాడు. "నాన్నని ఒకసారి రమ్మను తల్లీ."

"వ్యానో?"

"నాన్నని పిలువు ముందు."

టైలరు వచ్చాడు. మిషను మీద నుంచి లేచి వచ్చినట్టున్నాడు, ఒక చేతిలో కత్తెర అలాగే ఉంది. "ఏంటి బాబాయ్, వ్యాను స్టార్టవడం లేదా? తొయ్యాలా?"

ఆయన గేటు చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం.

"నీ మెళ్ళో టేపు ఉందా?" అన్నాడు.

టైలరు మెడలోని పసుపు టేపును తడుముకుని చూసుకున్నాడు. "ఉంది. ఎప్పుడూ ఉంటుందిగా. ఏం?"

"ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఉందని తెలుసు నాకు" అన్నాడాయన. "కనిపించడం లేదు."

టైలరు ముందు నవ్వాడు. తర్వాత ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత కూతురు వైపు, వ్యాను ముందు సీటు వైపు చూశాడు. కత్తెర జేబులో పెట్టుకున్నాడు.

"బడికి ఫోన్ చేస్తాను, ఇంకో వ్యాను పంపమని" అన్నాడాయన. "ఈ రోజు కాస్త ఆలస్యమవుతుంది. మిగతా పిల్లల ఇళ్ళకు నువ్వు వెళ్ళి చెబుతావా? నేనే చెప్పాలి. కానీ ఈ రోజుకి నువ్వు చెప్పు."

"చెబుతాను బాబాయ్." టైలరు వెనక్కి తిరిగాడు. పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం కాస్త గట్టిగా ఉంది. డ్రైవరు అది చూడలేదు. ఆయన భార్య చూసింది.

"తాత పక్క సీటు నాదే కదా?" అంటోంది పిల్ల వెళ్తూ వెళ్తూ. 

ఫోన్ మాట్లాడటం అయ్యాక ఆయన పెరట్లోకి వచ్చి, గంపకు కాస్త దూరంగా బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. ఆమె మగ్గుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"అది లేస్తే ఇవి చిలకరించండి. ఎక్కువ కాదు. చేతివేళ్ళు ముంచి విదిలిస్తే చాలు."

"ఎప్పుడు లేస్తుంది?"

"ఈ రోజు లేవదేమో. పిల్లల చప్పుడు వినిపించాక అవి లేవవు."

"మరి నేనెందుకు కూర్చోవడం?"

"కూర్చోండి" అంది ఆమె. "చల్లగా ఉన్నది ఒకటుంది. అన్నీ అయిపోయాక చివరికి అది మిగిలిపోతుంది. దాన్ని మీరే చూసి చెప్పండి, ఉంచాలో తీసేయాలో."

"నాకెలా తెలుస్తుంది?"

ఆమె తన కనురెప్పను వేలితో చూపించబోయి, ఆ దూరం నుంచి ఆయనకు కనిపించదని గుర్తొచ్చి, దగ్గరికి వెళ్ళింది. ఆయన చెయ్యి పట్టుకుని వేలు ఆయన రెప్ప మీదే పెట్టింది. "ఇక్కడ" అంది.

వీధిలో కొత్త వ్యాను హారన్ మోగింది. ఆ డ్రైవరెవరో ఊరికే రెండు మూడుసార్లు కొట్టాడు. ఆయన హారన్ వైపు తల తిప్పి, అనవసరంగా ఇంత కొడతారెందుకో అని గొణుక్కుని, మళ్ళీ గంప వైపు తిరిగాడు. తాళం ఇంకా పెట్ట కిందే ఉంది.